ఆరున్నొక్కటి

నా చదువు ఏడో తరగతితో ఆగింది. మా అమ్మ మాత్రం ఎవరైనా అడిగితే, "మా పిల్లగాడు ఆరున్నొక్కటో తరగతి దాక సదివిండు" అని చెప్పేది. వినేవాళ్లు నవ్వేవాళ్లు. ఆమె నవ్వేది కాదు.

మా వైపు కల్లంలో గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు అనుకుంటూ ఆరు దాకా వెళ్లాక, ఏడు అనకుండా ఆరున్నొక్కటి అంటారు. ఏడు అంటే ఏడుపును పేరు పెట్టి పిలిచినట్టే. ఇంటికి వచ్చే గింజల వెంట ఏడుపు రాకూడదని ఆ జాగ్రత్త. పాతవాళ్లందరికీ తెలిసిన పద్ధతే. కాకపోతే మిగతావాళ్లు కల్లం దాటగానే దాన్ని అక్కడే వదిలి వచ్చేవాళ్లు. అమ్మ వదల్లేదు. కోళ్లను లెక్కపెట్టినా, జొన్నరొట్టెలు లెక్కపెట్టినా, పెళ్లికి ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టినా ఆ అంకె ఆమె నోట వచ్చేది కాదు.

నేను లెక్కలు నేర్చుకున్నది బడిలో కాదు, పల్లికాయ కుప్ప దగ్గర ఆమె పక్కన కూర్చుని. కాయ తెంపిన కూలీలకు ఆమె డబ్బాతో కొలిచి పోస్తుంటే నేను వేళ్లు మడిచేవాణ్ణి. పొలాల కొలత తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను. వంకర టింకరగా ఉన్న చెలకను మూడు మూలల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కా లెక్కగట్టి, అన్నీ కలిపితే ఎన్ని గుంటల భూమో తేలుతుంది. వనపర్తి చుట్టుపక్కల అన్నదమ్ములు పొలం పంచుకునే చోటికి ఇప్పటికీ నన్ను పిలుస్తారు. ఎంత చెడ్డ ఆకారమైనా ముక్కలు చేస్తే లెక్కకు లొంగుతుందని నా నమ్మకం. అమ్మ జబ్బు దగ్గర ఆ నమ్మకం పనికిరాలేదు.

అది మొదట బయటపడింది అన్నం గిన్నె దగ్గర.

నాన్న పోయాక అమ్మను శ్రీరంగాపూర్ పక్కనున్న మా ఊరి నుంచి వనపర్తికి తెచ్చుకున్నాం. పిల్లలిద్దరూ హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. ఇంట్లో నేను, నా భార్య, అమ్మ. వచ్చేటప్పుడు అమ్మ తన ఇనుప సోల తెచ్చుకుంది. బియ్యం కొలిచే పని మాత్రం కోడలికి ఇవ్వలేదు. ఇద్దరూ రోజూ అక్కడే నిలబడి మాట్లాడుకునేవాళ్లు, అమ్మ సోలతో పోస్తూ, నా భార్య కడుగుతూ. ఒకరోజు నా భార్య పుట్టింటికి వెళ్లి మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పెళ్లికి వాడే పెద్ద గిన్నె పొయ్యి మీద ఉంది. నిండా అన్నం. నన్ను పిలిచింది.

"ఎవరొస్తుండ్రమ్మా?" అని అడిగాను.

"ఎవరొచ్చేదేంది? ఇంట్లోళ్లకే."

"ఎన్ని సోలలు పోసినవ్?"

తడుముకోకుండా చెప్పింది. నేను అలవాటు కొద్దీ మనసులో లెక్క వేశాను. ఆమె చేతి కొలత నాకు తెలుసు, మనిషికెంత అన్నది కూడా తెలుసు. నాన్న, తాత, నాయనమ్మ, ఇద్దరు చిన్నాన్నలు, వాళ్ల భార్యలు, జీతగాడు, అక్క, నేను, అమ్మ. సరిగ్గా కుదిరింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. తప్పిపోయిన గుంట దొరికినప్పటిలా ఒక్క క్షణం నాకు సంతోషం కూడా కలిగింది. ఆ తర్వాత మళ్లీ గిన్నె వైపు చూశాను. ఆమె లెక్క తప్పలేదు. ఆమె వండింది ఆ ఇంటికి, ఇప్పుడు లేని ఇంటికి. ఆ పంక్తిలో కూర్చునేవాళ్లలో సగం మందికి పైగా చనిపోయారు.

"ఇంత బువ్వ ఏం జేద్దాం? పులిహోర కలిపి గల్లీ అంత పంచుదమా?" అని నా భార్య నవ్వింది. నిజంగానే కలిపి పంచింది. అమ్మ కూడా గిన్నెలు అందించింది. ఎందుకు పంచుతున్నామని ఆమె అడగలేదు.

తర్వాత సోల కనిపించకుండా పోయింది. అమ్మ ఇల్లంతా వెతికింది. వెతికి, గడపలో నిలబడి గల్లీకి వినపడేలా, "నా సోల ఎత్కపోయింది, ఈ పిల్ల దొంగది" అంది.

"నేనేం జేస్కుంటనత్తమ్మా సోలను? కిరీటం చేయించుకొని నెత్తిన పెట్టుకుంటనా?"

"పెట్టుకుంటవ్. నీకు నెత్తికెక్కుడు ఎప్పటిసందో అలవాటు."

నా భార్య నవ్వబోయి ఆగిపోయింది. అది వేళాకోళం కాదని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది. సోల దిండు గలీబులో దొరికింది, పాత జాకెట్టులో చుట్టి. దొరికాక కూడా, "ఎవరన్న చూస్తరని మళ్ల తెచ్చి పెట్టింది" అంది అమ్మ. ఆ సాయంత్రం నా భార్య వంటింట్లో వెనక్కి తిరిగి నిలబడి చాలాసేపు ఒక్క గిన్నెనే తోమింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఆ అత్త చేతి కింద పని నేర్చుకున్న మనిషి.

పొద్దు వాలితే ఇంకో బాధ. వెలుతురు పసుపు రంగుకు మారుతుండగానే అమ్మ చీర కొంగు బిగించి, చెప్పుల కోసం వెతికేది. "ఇంటికి పోత" అనేది. ఇదే ఇల్లంటే నమ్మేది కాదు. తలుపు వేస్తే కొట్టేది, ఒకసారి నా ముంజేయి కొరికింది. వాదించి లాభం లేదని మాకు తెలియడానికి చాలా రోజులు పట్టింది. చివరికి, "పా అమ్మా, పోదాం" అని చెప్పులు తొడిగి, గల్లీ చుట్టూ తిప్పి, కిరాణా కొట్టు మలుపు దగ్గర్నుంచి మళ్లీ మా గడప ముందుకే తెచ్చి, "ఇగో, ఇల్లొచ్చింది" అనేవాణ్ణి. కొన్ని రోజులు నమ్మి లోపలికి వచ్చేది. కొన్ని రోజులు గడప వైపు చూసి, "గిది ఆ పిల్ల ఇల్లు గాదా" అనేది.

ఆత్మకూరులో ఉండే మా అక్క ఇదంతా ఒప్పుకోలేదు. "అమ్మకు ఏం కాలే తమ్మీ. మీరు మాట్లాడక ఆమె బేజారైంది. నాల్గు దినాలు నా దగ్గర ఉంచుకుంట" అని వచ్చి తీసుకెళ్లింది. నాలుగు దినాలు కాకముందే బస్సులో వెనక్కి తెచ్చింది. ఆటో దిగుతూనే నా భార్య చేయి పట్టుకుని, "మరదలా, నీ కాళ్లు మొక్కాలె" అంది. అమ్మ అక్కడ బావను చూసి, "ఎవడు గీ ముసలోడు, ఆడపిల్లున్న ఇంట్ల ఎందుకు పండిండు" అని చీపురు తీసిందట. చెబుతూ అక్క నవ్వింది, మేమూ నవ్వాం, నవ్వుతూనే అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

అప్పుడు కర్నూలు తీసుకెళ్లాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. అమ్మ కుర్చీకి ఎదురుగా తన కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"అవ్వా, మనం ఇప్పుడు యాడ ఉన్నాం?"

"దవాఖానల."

"ఏ ఊరి దవాఖాన?"

"ఊరు నీది. నన్నడుగుతవేంది?"

డాక్టరమ్మ నవ్వింది. "పొద్దున్నే ఏం తిన్నావవ్వా?"

"కోడలు పెడితే గద తినేది."

"అయ్యో అత్తమ్మా!" అంది నా భార్య. "నీ రెండు ఇడ్లీలు తిని, నా ప్లేటుల నుంచి ఇంకోటి తీసుకొని తింటివి గద."

డాక్టరమ్మ మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమంది. కాసేపయ్యాక అడిగితే అమ్మకు ఆ మాటలే కాదు, తనను అడిగిన సంగతి కూడా గుర్తు లేదు. ఆ తర్వాత, "పది దాకా అంకెలు చెప్పవ్వా" అంది.

అమ్మ నడుం నిటారుగా పెట్టింది. కుడి చేయి ఒళ్లో నుంచి లేచి, కుప్పలో డబ్బా ముంచినట్టు వంగింది. "లాభం. రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. ఆరున్నొక్కటి. ఎనిమిది. తొమ్మిది. పది." ప్రతి అంకెకూ చేయి లేచి పక్కకు ఒంపింది. పది అయ్యాక అరచేత్తో అంచు చదును చేసింది.

నేను కుర్చీలో ముందుకు జరిగాను. డాక్టరమ్మ తప్పు అనుకుంటుందేమో, చెప్పాలి అనుకున్నాను. ఆమెకు ముందే తెలుసు. "మా జేజి గూడా ఇట్లే కొలిచేది" అంది, వాళ్ల నాయనమ్మను తలుచుకుని. నన్ను బయటికి పిలిచి నెమ్మదిగా చెప్పింది. "లెక్క చక్కగా చెప్పింది. కానీ అది చిన్నప్పటి నుంచి నోటికి పట్టిన వరుస. అట్లాంటివి ఆఖరున పోతాయి. దాన్ని చూసి జబ్బు లేదనుకోవద్దు. ఇది తగ్గే జబ్బు కాదన్నా. మందులతో కొంచెం నిదానిస్తుంది, అంతే."

నేను మొదటి మాట ఒక్కటే విన్నాను. లెక్క చక్కగా చెప్పింది.

బస్సులో అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. నేను నాకు తెలిసిన పద్ధతిలో ఆలోచించాను. అంకెలు చెప్పడం జ్ఞాపకం. సరే, చిలుక కూడా చెబుతుంది. కానీ ఏడును తప్పించడం జ్ఞాపకం కాదు. అది భయం. ఇంట్లోకి ఏడుపు రాకూడదన్న భయం. ఎవరి ఇంట్లోకి? మా ఇంట్లోకే. అంటే ఎక్కడో లోపల ఆమె ఇంకా కూర్చుని మాకు కాపలా కాస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టకపోయినా మా కోసం ఆ అంకెను దాటుతోంది. ఆమె ఆరున్నొక్కటి అన్నన్నాళ్లూ మా అమ్మ ఉన్నట్టే. ఈ లెక్కలో నాకు తప్పు కనిపించలేదు. వనపర్తి చేరేసరికి మనసు తేలికైంది.

అక్కకు ఫోనులో అదే చెప్పాను. ఆమె కూడా దాన్ని పట్టుకుంది. ఆ రోజు నుంచి అమ్మ ఎట్లుందని అడగడం మానేసింది. ఫోను ఎత్తగానే, "ఆరున్నొక్కటి అన్నదా?" అనేది. "అన్నదక్కా" అంటే, "ఊఁ, ఇగ చెప్పు" అని వానల సంగతో, వడ్ల సంగతో ఎత్తుకునేది.

అనిపించడం నాకు అలవాటైపోయింది. మెట్లు దిగుతుంటే లెక్కపెట్టమనేవాణ్ణి. ఎండలో ఆరేసిన మిరపకాయలు ముందు పెట్టి లెక్కపెట్టమనేవాణ్ణి. మాత్రల అట్ట చూపించి అడిగేవాణ్ణి. నా భార్య ఒకరోజు నా చేతిలోంచి మిరపకాయల చేట లాక్కుంది.

"ఆమె నీ సెలక కాదు. పొద్దుకొకసారి కొలుస్తనే ఉంటవ్."

"ఉన్నదో లేదో చూస్తున్న."

"గా మనిషి గక్కడ్నే కూసున్నది గద. జర పక్కన కూసో. కొలువకు."

ఆ మాట నిజమే. కానీ కొలవకుండా కూర్చోవడం నాకు చేతకాదు.

కొలతను పనికి తెచ్చింది మాత్రం నా భార్యే. స్నానం అప్పటికి పెద్ద యుద్ధమైపోయింది. ఒంటి మీద చెంబెడు నీళ్లు పడితే అమ్మ చంపేస్తున్నట్టు అరిచేది. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూసేవాళ్లు. ఒకరోజు నేను బయట తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంటే, లోపల అరుపు మధ్యలో నా భార్య గొంతు వినపడింది. "చూడత్తమ్మా, కొలుస్తున్న. నువ్వు లెక్క పట్టు, నేను తప్పుతనేమో. లాభం!" నీళ్ల చప్పుడు. అరుపు ఆగింది. "రెండు" అంది అమ్మ. "మూడు" అంది నా భార్య. అట్లా ఇద్దరూ వెళ్తున్నారు. ఆరు అయ్యాక నా భార్య కావాలనే, "ఏడు" అంది.

ఫట్‌మని చేతి మీద దెబ్బ పడిన చప్పుడు. "థూ! నోరు కడుక్కో. ఏ తల్లి కన్నదే నిన్ను? నీళ్లల్ల నిలబడి ఇంటికి ఏడుపు తెస్తవా?"

"తప్పయింది తల్లీ. ఏమనాలె మరి?"

"ఆరున్నొక్కటి అనాలె. నీళ్లు పొయ్."

"ఆరున్నొక్కటి."

"ఆఁ. ఇగ ఒంపు."

స్నానం అయిపోయింది. నా భార్య తడి చీరతో బయటికి వచ్చి, ఎర్రబడిన చేయి చూపిస్తూ నవ్వింది. చాన్నాళ్లకు మా ఇంట్లో వినపడిన నిజమైన నవ్వు అది. ఆ రోజు నుంచి నీళ్లు, మందులు, జడకు నూనె, అన్నీ కొలతగానే జరిగాయి. అమ్మ కొలిపించుకునే మనిషి కాదు, కొలత చూసుకునే యజమానురాలు. ఆ గౌరవం ఇస్తే ఏదైనా చేయనిచ్చేది.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం నేను ఘనపురం వైపు ఒక పొలం కొలిచి వచ్చాను. అమ్మ వాకిట్లో అరుగు మీద కూర్చుని ఉంది. పొద్దు వాలినా ఆ రోజు చెప్పులు అడగలేదు. నేను పక్కన కూర్చున్నాను. కాసేపు నన్ను తేరిపార చూసింది.

"ఏ ఊరన్నా మీది?"

"ఈ ఊరే" అన్నాను.

"చేతుల టేపు ఉన్నది. పొలాలు కొలుస్తవా?"

"ఆఁ, కొలుస్త."

"మా పిల్లగాడు గూడ లెక్కల్ల మస్తు హుషారు. ఆరున్నొక్కటో తరగతి దాక సదివిండు. పల్లికాయకాడ కూసుండి ఏళ్లు ముడుస్తుంటే ఒక్క డబ్బా తప్పిపోనియ్యడు." ఆగి, గల్లీ చివరికి చూసింది. "పొద్దుగూకుతున్నది, ఇంక రాలే. నీకు బాటల కనవడితే జర ఇంటికి తోలు. అమ్మ చూస్తున్నదని చెప్పు."

"చెప్త" అన్నాను.

"ఆకలైతది వానికి. అడగడు. గమ్మున కూసుంటడు."

నేను లేచి లోపలికి వెళ్లాను. నా భార్య కంచంలో అన్నం పెట్టి ముందుంచింది. తినలేకపోయాను. ఏ తల్లీ తన కొడుకు ముఖం మీదే కొడుకును అంతగా మెచ్చుకోదు. ఆ మాటలు నేను వినడానికి పరాయివాణ్ణి కావాల్సి వచ్చింది. కానీ అప్పుడు కూడా, కంచం ముందు కూర్చుని, నేను పట్టుకున్నది ఒక్కటే. ఆరున్నొక్కటో తరగతి అంది. ఇంకా అంటూనే ఉంది.

చలికాలం మొదట్లో జ్వరం వచ్చింది. మూత్రంలో ఇన్ఫెక్షన్ అన్నారు. వనపర్తి దవాఖానలో సూదులు, సెలైన్లు ఇచ్చారు. జ్వరం తగ్గింది కానీ, ఇంటికి వచ్చిన మనిషి వెళ్లిన మనిషి కాదు. కాళ్లు నిలవలేదు. సాయంత్రం చెప్పులు అడగలేదు. సోల చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, లోపలికి చూసి, పక్కన పెట్టేసింది. దొంగలు కూడా పోయారు. దొంగ అని తిట్టినా బాగుండునని నా భార్య అంది. ఫోన్ చేస్తే కర్నూలు డాక్టరమ్మ, ఈ జబ్బులో జ్వరం వస్తే మనిషి ఒక మెట్టు దిగుతారు, ఆ మెట్టు మళ్లీ ఎక్కడం కష్టమని చెప్పింది. తీసివేత అయితే నాకు వరుస తెలుసు, ఇంత పోతే ఇంత మిగులుతుంది. దీనికి వరుస లేదు. పొద్దున పోయింది సాయంత్రం ఒక్క నిమిషం తిరిగొస్తుంది. అది చూసి మళ్లీ మొదటి నుంచి ఆశ పెట్టుకుంటాం.

అన్నిటికన్నా కష్టమైంది అన్నం. ముద్ద నోటి దగ్గరికి తెస్తే పళ్లు బిగించేది. బలవంతంగా పెడితే బుగ్గలో పెట్టుకుని మర్చిపోయేది. మెత్తగా ఉండాలని, ఊపిరి తీసుకునే దారిలోకి పోకుండా చూడాలని, పడుకోబెట్టి పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మణికట్టు నా రెండు వేళ్ల మధ్య ఇంకా చోటు మిగిలేంతగా సన్నబడింది. తినకపోతే ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందేమో అన్నారు. ఆ గొట్టం అమ్మ ఉండనివ్వదని, పీకేయకుండా చేతులు కట్టాల్సి వస్తుందని మాకు తెలుసు. ఆ చేతులను కట్టడం నేను చూడలేను.

అప్పుడు మళ్లీ కొలత మొదలుపెట్టాం. అమ్మను దిండ్లకు ఆనించి నిటారుగా కూర్చోబెట్టి, పాలల్లో నానిన జొన్నరొట్టె మెత్తగా పిసికి, చెంచాతో ముందుకు తెచ్చి, "లాభం" అనేవాణ్ణి. మొదట ఏమీ లేదు. రెండోరోజో మూడోరోజో పెదవులు కదిలాయి. నేను లాభం అన్నాక ఆమె "రెండు" అంది, అనడానికి నోరు తెరిచింది కాబట్టి చెంచా లోపలికి వెళ్లింది. మింగింది. నేను అరిచినంత పని చేశాను. నా భార్య పరుగెత్తుకుంటూ వచ్చింది.

అట్లా తిండి నిలబడింది. ఒక అంకె నాది, ఒక అంకె ఆమెది. కొన్నాళ్లకు ఆమె అంకెలు తగ్గి, అన్నీ నేనే చెబితే పెదవులు మాత్రం కదిపేది. అయినా ఒకటి మాత్రం నేను చెప్పేవాణ్ణి కాదు. ఆరు అన్నాక ఆగేవాణ్ణి. చెంచా గాలిలోనే పట్టుకుని ఎదురుచూసేవాణ్ణి. ఎంతసేపైనా సరే. ఆమె ముఖంలో ఏదో దూరం నుంచి నడిచి వచ్చేది, కనుబొమ్మలు దగ్గరయ్యేవి, "ఆరున్నొక్కటి" అనేది. ఆ ముద్ద పెట్టాక నాకు కూడా కడుపు నిండినట్టుండేది. అక్క ఫోనుకు అబద్ధం లేకుండా జవాబు ఉండేది.

ఆ రోజు పొద్దున ఎండ బాగుంది. మంచం కిటికీ దగ్గరికి జరిపాం. అమ్మ ముఖం తేటగా ఉంది, నా భార్య అప్పుడే తల దువ్వి చిన్న ముడి వేసింది. తిండి కూడా సులువుగా పోతోంది. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరు అని ఆగాను. చెంచా పట్టుకుని చూస్తున్నాను.

"ఏడు" అంది అమ్మ.

స్పష్టంగా అంది. తడబాటు లేదు, నాలుక మడత పడలేదు. కనుబొమ్మలు కూడా కదల్లేదు. అందరూ అనేటట్టే, బడి పిల్లలు అనేటట్టే అనేసి, నోరు తెరిచి ముద్ద కోసం చూసింది.

నా చేయి కదల్లేదు. గుమ్మంలో నా భార్య చీపురు పట్టుకుని నిలబడిపోయింది. తన చేతి మీద ఆ రోజు పడిన దెబ్బ ఇప్పుడు పడితే బాగుండునని ఆమె ముఖం చెప్పింది.

"అమ్మా, ఏందన్నవ్?"

"ఏడు" అంది మళ్లీ, నన్నే చూస్తూ. మా భాషలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అంకె చెప్పిందో, ఏడవమని చెప్పిందో విన్నవాడికి తెలియదు. చెప్పిన ఆమెకూ తెలియదు. ఆ మాట మా ఇంటి గడప తొక్కకుండా ఇన్నేళ్లు వాకిట్లోనే నిలబెట్టిన మనిషి, ఇప్పుడు దాన్ని కిటికీ పక్కన ఎండలో కూర్చుని రెండుసార్లు పిలిచింది.

నేను ఏడ్చాను. ఆమె ఎదుటే. చెంచా చేతిలో ఉండగానే. అమ్మ నన్ను చూస్తూ ఉంది, పట్టించుకోలేదు, భయపడలేదు. ఎవరో ఏడుస్తున్నారు. తనకు ఆకలిగా ఉంది. నోరు తెరిచే ఉంది.

"పెట్టు" అంది నా భార్య గుమ్మంలోంచి. "చల్లగైతున్నది. పెట్టు."

వచ్చి కొంగుతో నా ముఖం తుడిచింది, తర్వాత అదే కొంగుతో అమ్మ మూతి తుడిచింది. నేను చెంచా మళ్లీ నింపాను. "ఆరున్నొక్కటి" అన్నాను. అమ్మ ముద్ద తీసుకుంది. నేను అన్నదానికీ తను అన్నదానికీ తేడా ఆమెకు తెలియలేదు. ఎనిమిది కూడా తీసుకుంది. ఆ రోజు గిన్నె ఖాళీ చేసింది. అంతకు ముందు చాలా రోజులుగా అంత బాగా తినలేదు. దాన్ని ఏ వైపు కలపాలో, ఏ వైపు తీసేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు. మళ్లీ చేసింది. నా భార్య ఫోను తెచ్చి నా ఒళ్లో పెట్టి, బట్టలు తేవడానికి బయటికి వెళ్లింది.

"తమ్మీ, ఏం జేస్తున్నవ్? అమ్మ తిన్నదా?"

"మస్తు తిన్నది. గిన్నె ఊడ్చింది."

"అవునా! ఆరున్నొక్కటి అన్నదా?"

కిటికీ దగ్గర అమ్మ నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. పెదవి పక్కన రొట్టె తునక ఎండి అతుక్కుని ఉంది. దాన్ని గోటితో మెల్లగా తీశాను.

"ఏంది తమ్మీ, పలుకవ్? అన్నదా లేదా?"

"ఎవరో ఒకరం అన్నాంలే అక్కా."

ఫోనులో ఆత్మకూరు రోడ్డు మీద బస్సు హారన్ వినపడింది. తర్వాత అక్క ముక్కు ఎగబీల్చింది.

"రేపు పొద్దుగాల బస్సుకు వస్త" అంది. "ఆ ముద్ద నేను పెడత."